కరెంటు రాని తీగ

హాలియాకు ఆమడ దూరంలో ఉన్న ఆ ఊరికి పంచాయతీ రేడియో వచ్చింది. బిగించడానికి నల్లగొండ నుంచి రామచంద్రం అనే మెకానిక్ వచ్చాడు. రేడియో బ్యాటరీతో పలికేదే గానీ, ఏరియల్ తీగకు ఎత్తైన ఇనుప గొట్టం నిలబెట్టాలి. పంచాయతీ గదిని ఆనుకున్న సత్తమ్మ మేకల దొడ్డే అందుకు తగిన జాగా అని సర్పంచు జంగయ్య తేల్చాడు.

సత్తమ్మకు అది నచ్చలేదు. నిరుడు పిడుగుపాటుకు ఆమె మేకలు కొన్ని చచ్చిపోయాయి.

"గీ ఇనుము నా దొడ్లనే ఎందుకు? పిడుగును పిలిచినట్టు కాదా?"

"పిడుగు భూమిలకు దిగనీకి ఇంకో తీగ ఏస్తున్నమ్మా. ఫికర్ చెయ్యకు," అన్నాడు రామచంద్రం. తర్వాత పాఠం అప్పజెప్పినట్టు గబగబా చెప్పాడు. "ఉరిమేటప్పుడు రేడియో ముట్టొద్దు. ఎనక పలక ఇప్పొద్దు. గొట్టం కరెంటు తీగలకు దూరముండాలె."

సత్తమ్మ తలెత్తింది. దొడ్డి కంచె పక్కనుంచే కాలువ మోటార్ల కోసం వేసిన కొత్త తీగలు పోతున్నాయి.

"మరి గవేంది సారూ?"

జంగయ్య నవ్వాడు. "అవి ఉత్త తీగలు. దసరా దాక కరెంటు రాదు."

ఆమె భర్త గోపయ్య, ఇంకో ఇద్దరు అప్పటికే గొట్టానికి చేతులు వేశారు. సత్తమ్మకు పొద్దున ఆ తీగల స్తంభం కింద చచ్చిపడి ఉన్న కాకి గుర్తుకొచ్చింది. తన మేకలకు ఎవరో విషం పెట్టారని, దాన్ని తిని కాకి చచ్చిందని అప్పుడు అనుకుంది. ఇప్పుడు అనుమానం తీగల వైపు తిరిగింది. పోయి గొట్టం మీద కూర్చుంది.

"లేపితే నన్ను సుత లేపుండ్రి."

"నలుగుట్ల ఇజ్జత్ తీస్తున్నవేందే!" గోపయ్య పళ్లు కొరికాడు.

జాగా ఇవ్వడం ఇష్టం లేక నాటకమాడుతోందని రామచంద్రానికీ అనిపించింది. "అమ్మా, నాకు బస్సు పోతది."

"ఓ అయ్యా, ఆ కాకిని జర పట్టుకరా," అని ఆమె గోపయ్యను పంపింది. కాకి రెక్క మాడి ఉంది. రామచంద్రం వంగి చూశాడు. కాలిన ఈకల వాసన వచ్చింది. అతని ముఖం మారింది.

"కరెంటు రాలేదని ఎవరు చెప్పిన్రు?"

"అందరు అంటున్నరు," అన్నాడు జంగయ్య.

రామచంద్రం గొట్టాన్ని దూరంగా పెట్టించి, మోటారు షెడ్డుకు సైకిల్ మీద మనిషిని పంపాడు. ఎండలో జనం గొణిగారు. సత్తమ్మకు తెలివి ఎక్కువైందన్నారు. ఆమె మళ్లీ పోయి గొట్టం మీదే కూర్చుంది.

సైకిల్ వెంట వచ్చిన లైన్‌మన్ దూరం నుంచే అరిచాడు. "తీగల దిక్కు రాకుండ్రి! మోటారు చూడనీకి పొద్దుగాలనే కరెంటు ఇడిసిన్రు!"

"మరి ఊరికెందుకు చెప్పలే?" సత్తమ్మ లేచింది.

"చాటింపు ఏయించమని నిన్ననే మనిషిని పంపిన్రు గదా."

ఆ మనిషి ఎవరో ఊళ్లో ఎవరికీ తెలియలేదు. గోపయ్య తన అరచేతులు చూసుకుని గోడవార కూలబడ్డాడు. సత్తమ్మ అతనికి చెంబుతో నీళ్లిచ్చింది.

గొట్టాన్ని గదికి అవతలి పక్క, తీగలకు బాగా దూరంగా నిలబెట్టారు. సాయంత్రం రేడియో పలికింది. రామచంద్రం బస్సు సంగతి మరిచి, మొదటి నుంచి ఒక్కో జాగ్రత్త నింపాదిగా చెప్పాడు. ప్రతిదానికీ సత్తమ్మ "ఎందుకు?" అంది. అతను విసుక్కోకుండా చెప్పాడు.

అయినా ఆ వానకాలమంతా ఆమె మేకలను అక్క కృష్ణమ్మ దొడ్లోనే కట్టింది. ఊళ్లో ఎవరూ నవ్వలేదు.