మా ఇంటి మడత

మా ఇంటి మడత ఇలా ఉంటుంది. కాగితాన్ని నిలువుగా రెండుసార్లు మడవాలి, అడ్డంగా ఒకసారి మడవాలి, ఆ తర్వాత కుడివైపు పైమూలని కుక్కచెవిలా లోపలికి తిప్పాలి. పెళ్లయి ఈ ఇంట్లో అడుగుపెట్టిన వారానికే మా అత్తగారు నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని నేర్పిన మొదటి పని ఇదే. వంటింట్లో ఏ డబ్బాలో ఏముందో చెప్పడానికి మాత్రం ఆవిడకి నెల పట్టింది.

"కాగితం మడవడానికి కూడా పాఠమా అత్తయ్యా?" అని నవ్వాను. నేను బడిలో నాలుగో తరగతి పంతులమ్మని, పాఠాలు చెప్పడం నా పని అనుకునేదాన్ని. ఆవిడ నవ్వలేదు. మూల వంకరగా వచ్చిందని నా చేత ఆరుసార్లు మడిపించారు.

మా ఊళ్లో ఎవరూ యుద్ధం అనరు. "ఆ రోజులు" అంటారు, ఎవరో గిట్టని చుట్టం గురించి మాట్లాడినట్టు. పైవీధి వాళ్లూ కిందివీధి వాళ్లూ ఒకరినొకరు కాల్చుకున్న మూడేళ్లన్నమాట. అప్పుడు మా వీధి మొదట్లో ఇసుక బస్తాలు పేర్చి కాపలా పెట్టారు. దీపం వెలిగిస్తే అవతలి వైపు నుంచి తూటా వచ్చేది. కాపలా కుర్రాళ్లలో సగం మందికి చదువు రాదు. అందుకని ఇంటికో చీటీ ఇచ్చి, ఇంటికో మడత పెట్టారు. చీకట్లో వేళ్లతో తడిమి, "ఇది కుక్కచెవి ఇల్లు, పోనీ" అనేవారట. మా ఆయన రెండేళ్ల వయసులో ఒళ్లు కాలిపోయే జ్వరంతో ఉంటే, అత్తగారు భుజాన వేసుకుని ఆ మడత చూపించే ఆసుపత్రికి వెళ్లారు. ఆ మడత లేకపోతే నాకు మొగుడు లేడు. అందుకని దాన్ని తిట్టాలంటే నాకు కొంచెం నోరు వెనకాడుతుంది.

ఆ కాపలా నడిపినాయన అప్పట్లో జీపులో తిరిగేవాడు. ఇప్పుడు తెల్లకారులో తిరుగుతున్నా జీపాయన అనే పేరు పోలేదు. ఆ రోజులు పోయి ఇరవై ఎనిమిదేళ్లయింది. ఇసుక బస్తాలు ఉన్నచోట సెల్‌ఫోన్ల దుకాణం వచ్చింది. మడతలు మాత్రం మిగిలాయి. మొదటి ఎన్నికలప్పుడు జీపాయన, "ఎవరి మడత వాళ్లు వేయండి, నావాళ్లెవరో నాకు తెలియాలి కదా" అన్నాడట. అప్పుడు జనం సంతోషంగానే వేశారు. తర్వాత తర్వాత సంతోషం ఎటు పోయిందో పోయింది, వేలికి అలవాటు మిగిలింది.

మేముండే ఇల్లు ఆ రోజుల్లో ఎవరో వదిలేసి వెళ్లిపోయినది. ఇలాంటివి మా వార్డులో చాలా ఉన్నాయి. ఏడాదికోసారి వార్డు సభ్యుడు సంతకం పెడితేనే ఇల్లు మాది. ఆ సభ్యుడు ఎప్పుడూ జీపాయనే. పోయినసారి ఎన్నికల్లో బోర్డులు రాసే పెయింటర్ ఇంటి మడతలో నాలుగు ఓట్లు అవతలి వాళ్లకి పడ్డాయి. మరుసటి నెల సంతకం పడలేదు. వాళ్ల కుట్టుమిషను వారం రోజులు ఫుట్‌పాత్ మీద వానలో నానింది. రోజూ బడికి వెళ్తూ దాన్ని చూసేదాన్ని. మా కాగితానికి ఈసారి సంతకం పడాల్సింది వచ్చే నెల పదో తారీకున.

ఈసారి జీపాయన మీద మా ఆసుపత్రి నర్సమ్మ నిలబడింది. గుర్తు నిచ్చెన. జీపాయనది గొడుగు. నర్సమ్మ దేవత అని ఎవరూ అనరు. సూది పొడిస్తే రెండు రోజులు కుంటాలి, ఆలస్యంగా వెళ్తే నలుగురి ముందూ దులిపేస్తుంది. కానీ ఆ రోజుల్లో పైవీధి వాడికీ కిందివీధి వాడికీ ఒకే గదిలో కట్టు కట్టింది, ఇద్దరినీ ఒకేలా తిట్టింది.

ఓటింగుకి రెండు వారాల ముందు కళ్లద్దాలాయన ఇంటింటికీ వచ్చాడు. ఆయన జీపాయన మనిషి. ఒకప్పుడు కాపలా దగ్గర చీటీలు తడిమిన కుర్రాడే. ఇప్పుడు లావుపాటి కళ్లజోడు, చేతిలో నోటుపుస్తకం. అందులో ప్రతి ఇంటి మడతా బొమ్మ వేసుకున్నాడు. ఓట్లు లెక్కపెట్టేటప్పుడు ఏజెంటుగా ఎదురుగా నిలబడి, పెట్టెలోంచి వచ్చే ఒక్కో కాగితం మడతా చూసి, ఏ ఇల్లు ఎటు వేసిందో రాసుకుంటాడు. చట్టం ప్రకారం ఓటు రహస్యం. మడిచి వేయాలని రాశారు గానీ, ఎలా మడవాలో చట్టంలో లేదు.

"మడత గుర్తుందా పెద్దమ్మా?" అన్నాడు గుమ్మంలో నిలబడి.

"నేను మర్చిపోయినా చేతులు మర్చిపోవు నాయనా," అన్నారు అత్తగారు. ముఖంలో ఏమీ లేదు.

అబద్ధం కాదు. ముప్ఫై ఏళ్లుగా ఆవిడ బైండింగ్ షాపులో పనిచేస్తున్నారు. అచ్చయిన పెద్ద కాగితాలని పుస్తకం పేజీలుగా మడిచే బల్ల దగ్గర ఎనిమిది మంది ఆడవాళ్లు, వాళ్లకి ఈవిడ పెద్ద. ఆవిడ మడిచిన దుప్పటి మూల చేతికి గుచ్చుకుంటుంది.

ఆ రెండు వారాలూ ఆవిడ వింతగా ప్రవర్తించారు. కాగితం కనిపిస్తే చాలు, మడిచేవారు. బస్ కండక్టరైన మా ఆయన జేబులో మిగిలిన టికెట్లు, మందుల చీటీలు, కరెంటు బిల్లు, అన్నీ ఏవేవో మడతలు. ఒకరోజు నా తరగతి పిల్లల లెక్కల పరీక్ష కాగితాలు ముప్ఫై రెండూ విసనకర్రల్లా మడిచి పెట్టి ఉన్నాయి. నా ఒళ్లు మండిపోయింది.

"మీ అమ్మకి చాదస్తం మొదలైంది," అన్నాను మా ఆయనతో.

"ఇప్పుడా మొదలైంది?" అని ఆయన టికెట్ల సంచీ భుజాన వేసుకుని డ్యూటీకి వెళ్లిపోయాడు. ఓటింగ్ రోజు కూడా ఆయన దూరం బస్సు మీద ఉన్నాడు. కాబట్టి మా ఇంట్లో ఓట్లు రెండే, అత్తగారిదీ నాదీ.

ఇక నా సంగతి చెప్పాలి. చెప్పడానికి సిగ్గుగా ఉంది. పిల్లలతో రోజూ "తల ఎత్తి మాట్లాడు, ఎవరికీ భయపడకు" అని అరిచే నోరు నాది. ఓటు వేసే మూలకి వెళ్లి, నిచ్చెన మీదికి ముద్ర తీసుకెళ్లాను. వానలో నానిన కుట్టుమిషను గుర్తొచ్చింది. పదో తారీకు గుర్తొచ్చింది. ముద్ర గొడుగు మీద పడింది. గబగబా మడిచి, కుక్కచెవి తిప్పి, పెట్టెలో వేసేశాను. ఇంటికి వచ్చాక అత్తగారి ముఖం చూడలేకపోయాను. ఆవిడా ఏమీ అడగలేదు.

మర్నాడు పొద్దున లెక్కింపు మా బడి హాల్లోనే. పంతుళ్లకి ఎలాగూ ఆ డ్యూటీ తప్పదు, మా వార్డు పెట్టె తిరిగి తిరిగి నా బల్లకే వచ్చింది. నేను కాగితం తీయాలి, విప్పాలి, ఏజెంట్లకి చూపించాలి, గొడుగైతే ఎడమ ట్రేలో, నిచ్చెనైతే కుడి ట్రేలో వేయాలి. తాడుకి అవతల ఒకవైపు నర్సమ్మ తరఫున ఆసుపత్రి కాంపౌండరు, రెండోవైపు కళ్లద్దాలాయన, ఆయన చేతిలో ఆ పుస్తకం. పక్క ఊరి నుంచి వచ్చిన ఎన్నికల అధికారి కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నాడు.

ఇరవయ్యో కాగితమో ఎంతో, కుక్కచెవి వచ్చింది. నాది కాకూడదు అనుకుంటూ విప్పాను. నిచ్చెన.

నేను వేసింది గొడుగు. ఇంట్లో ఉన్నవి రెండే ఓట్లు. అంటే ఇది అత్తగారిది. ఇంత వయసొచ్చి ఏం పని చేశారు ఈవిడ! కళ్లద్దాలాయన నా వైపు చూసి, తీరిగ్గా కళ్లజోడు సర్దుకుని, పుస్తకంలో ఏదో రాశాడు. నాకు మా మంచం, మా స్టవ్, అత్తగారి టిన్ను పెట్టె ఫుట్‌పాత్ మీద కనిపించాయి.

ఇంకో పది కాగితాల తర్వాత మళ్లీ కుక్కచెవి. మూల వంకరగా ఉంది. విప్పాను. గొడుగు. ఇది నాది. నాలుగు వందల కళ్ల ముందు నన్ను నేనే విప్పి చూపించుకున్నట్టయింది. ఎడమ ట్రేలో పడేశాను.

రెండూ అయిపోయాయి. ఇక మా ఇంటివి లేవు.

మూడో కుక్కచెవి వచ్చింది.

పొరపాటున చూశానేమో అనుకున్నాను. నిలువుగా రెండు, అడ్డంగా ఒకటి, కుడి మూల లోపలికి. గీత గీసినట్టుంది. లోపల నిచ్చెన. కళ్లద్దాలాయన పెన్ను ఆగింది. తర్వాత విసనకర్ర మడత వచ్చింది. అది ఎవరిదో ఊరందరికీ తెలుసు, సాక్షాత్తూ జీపాయన అన్నగారి ఇంటిది. విప్పాను. నిచ్చెన. మళ్లీ విసనకర్ర. నిచ్చెన. ఆ ఇంట్లో ఓట్లు నాలుగు. విసనకర్రలు పదకొండు వచ్చాయి. ఇల్లు పోగొట్టుకుని వేరే వార్డుకి వెళ్లిపోయిన పెయింటర్ ఇంటి మడతలో ఆరు వచ్చాయి, ఆరుకి ఆరూ గొడుగే.

నాకు అప్పుడు నా పరీక్ష కాగితాలు గుర్తొచ్చాయి. ముప్ఫై రెండు విసనకర్రలు. నవ్వు గొంతు దాకా వచ్చింది. దగ్గు కింద మార్చి, మంచినీళ్లు తాగాను.

కళ్లద్దాలాయన రాయడం మానేశాడు. వెనక్కి తిప్పాడు, ముందుకి తిప్పాడు, రాసినవి కొట్టేశాడు. చివరికి ఉండబట్టలేక, "సార్, ఈ పెట్టెలో ఏదో మోసం జరిగింది," అన్నాడు.

అధికారి టీ కప్పు కింద పెట్టాడు. "సీలు మీరే చూశారు కదండీ. ముద్రలు స్పష్టంగా ఉన్నాయి. ఏం మోసం?"

"మడతలు..." అన్నాడు కళ్లద్దాలాయన.

"మడతలకేమైంది?"

పన్నెండు బల్లల దగ్గర అందరి చేతులూ ఆగిపోయాయి. మడతలు చూసి ఓటు ఎవరిదో కనిపెడుతున్నానని ఆయన తన నోటితో తాను చెప్పాలి. కాంపౌండరు ఎంతో మర్యాదగా, "చెప్పండి అన్నయ్యా, మాకూ తెలుస్తుంది," అన్నాడు.

"ఏం లేదు," అన్నాడు కళ్లద్దాలాయన.

మధ్యాహ్నానికి లెక్క తేలింది. పోలైనవి ఆరువందల పన్నెండు. నిచ్చెనకి మూడువందల నలభై మూడు, గొడుగుకి రెండువందల అరవై ఒకటి, చెల్లనివి ఎనిమిది. జీపాయన కిటికీ అవతలే నిలబడి ఉన్నాడు. "ఎవరెవరు?" అని ఆయన అడగడం నా చెవిన పడింది.

"అన్నా, ఈ పుస్తకం ప్రకారం పోతే ముందు మన వదినగారిని ఖాళీ చేయించాలి," అన్నాడు కళ్లద్దాలాయన. పుస్తకం చంకలో పెట్టుకుని, కారు కోసం ఆగకుండా నడుచుకుంటూ వెళ్లిపోయాడు. బరువు దించుకున్నవాడిలాగే నడిచాడు, నా కళ్లతో చూశాను.

నేను ఇంటికి పరుగులాంటి నడకతో వచ్చాను. అత్తగారు గుమ్మం దగ్గర పీట మీద కూర్చుని చేతులకి నూనె రాసుకుంటున్నారు. కబురు అప్పటికే వచ్చేసినట్టుంది, వీధిలో రెండు మూడు ఇళ్లలో నవ్వులు వినిపిస్తున్నాయి. ఆ వీధిలో ఎన్నికల సాయంత్రాలు తలుపులు వేసి ఉండడమే నాకు తెలుసు.

"ఎంతమంది అత్తయ్యా?" అన్నాను చెప్పులు విప్పకుండానే.

"బల్ల దగ్గర ఎనిమిది మందిమి. ఒక్కొక్కళ్లం పదిహేను ఇళ్లకి వేరే ఇళ్ల మడతలు నేర్పాం. ఎవరి మడత వాళ్లు వేయకూడదు, అంతే. ఎటు వేయాలో మేం ఎవరికీ చెప్పలేదు. అది వాళ్లిష్టం."

"మరి విసనకర్ర? అది మీకెవరు నేర్పారు?"

"జీపాయన వదినగారే వచ్చింది షాపుకి. పాత పుస్తకమేదో కుట్టించాలని వంక పెట్టుకుని." అత్తగారు కాసేపు అరచేతులు రుద్దుకున్నారు. "ఆ రోజుల్లో ఆవిడ పెద్దకొడుకు ఆ జీపెక్కి వెళ్లాడు. మళ్లీ రాలేదు. నా మడత కూడా తీసుకోండమ్మా అంది. అక్కడే బల్ల మీద మడిచి చూపించింది."

చెప్పులు విప్పి పక్కన పెట్టి, "నాకు ఒక్క ముక్క చెప్పొచ్చు కదా?" అన్నాను.

"నీ ముఖం దాచుకోవడం నీకు చేతకాదే. కళ్లద్దాలవాడు గుమ్మంలోనే చదివేసేవాడు." ఆవిడ తల ఎత్తి చూశారు. "మన మడతవి ఎన్ని వచ్చాయి?"

"తొమ్మిది."

"అన్నీ నిచ్చెనేనా?"

వీధిలోకి చూశాను. అబద్ధం చెప్తే సరిపోయేది. ఇక ఎవరూ పట్టుకోలేరు. అయినా నోరు తిరగలేదు. "ఎనిమిది," అన్నాను.

"తొమ్మిదోదానికి మూల వంకరగా ఉందా?"

ఏడుపు ఆగలేదు. గుమ్మంలోనే చతికిలబడ్డాను. బడిపిల్లలకి ధైర్యం గురించి చెప్పేదాన్ని, వెక్కుతూ, "ఇల్లు పోతుందని భయం వేసింది అత్తయ్యా. పదో తారీకు... ఆ కుట్టుమిషను..." అని ఏదేదో చెప్పాను.

ఆవిడ నూనె చేతులతోనే నా జుట్టు వెనక్కి తోశారు. "ఎవరి ఇంటి కోసం వాళ్లు భయపడతారు. నీ ఇల్లు, నువ్వు భయపడ్డావు. తప్పేముంది?"

ఎనిమిదేళ్లుగా నేను దీన్ని అత్తయ్యగారి ఇల్లు అనే అంటున్నాను. ఎవరైనా అడ్రసు అడిగితే కూడా అలాగే చెప్తాను. నీ ఇల్లు అని ఆవిడ నోట వినడం అదే మొదటిసారి.

లోపలికి వెళ్తూ ఆవిడ గడప దగ్గర ఆగి, వెనక్కి తిరిగారు.

"వచ్చే ఎన్నికల్లో నీకెలా చేతనైతే అలా మడుచుకో. ఎనిమిదేళ్లు నేర్పినా ఆ మూల తిన్నగా రాలేదు నీకు."