కొత్త బోగీలు వచ్చేదాకా

పొద్దుటి రైలు ప్లాట్‌ఫారం మీదికి వస్తుంటే సరిగ్గా పనిచేసే తలుపు ఎటువైపు ఆగుతుందో చూసి జనం అటు పరుగెత్తేవారు. రోజూ ఎక్కేవాళ్ళకు ఏ బోగీలో ఏ తలుపు మొరాయిస్తుందో కంఠతా వచ్చు. ముందు బోగీలో ఒకటి సగమే తెరుచుకునేది, పక్కకు తిరిగి దూరాలి. దాని వెనక బోగీలో తలుపు మూసుకోవాలంటే ఎవరో ఒకరు భుజం పెట్టి తొయ్యాలి. "ఈ రైలుకి టికెట్టు కొంటే కసరత్తు ఉచితం" అని ఒక బట్టలకొట్టు గుమాస్తా రోజూ అనేవాడు, రోజూ నలుగురూ నవ్వేవారు. పాఠకులారా, మనం ఒక కష్టానికి లొంగిపోయామనడానికి మొదటి గుర్తు దాని మీద జోకులు పుట్టడమే.

ఆ నవ్వేవాళ్ళలో పిల్లల వార్డులో పనిచేసే నర్సు ఒకామె ఉండేది. పసిపిల్లల చేతిలో దారప్పోగులాంటి నరాన్ని దొరకబుచ్చుకుని సూది వెయ్యడంలో ఆమెకు ఆమే సాటి. గుక్కపట్టి ఏడ్చే పిల్లలు కూడా పని పూర్తయ్యాక "అయిపోయిందా?" అని అడిగి చెయ్యి చూసుకునేవారు.

ఆమె వదిన, అంటే అన్న భార్య, రైలు బోగీల ఫ్యాక్టరీలో ఇంజనీరు. కొత్త బోగీలు పట్టాలెక్కే ముందు వాటిని పరీక్షించే విభాగానికి పెద్ద. ఇది తెలిసిన తోటి ప్రయాణికులు నర్సును ఊరుకోనిచ్చేవారు కాదు.

"ఏమ్మా, మీ వదినగారి బండ్లు ఎప్పుడొస్తాయి?"

"వచ్చేనెలట."

"పోయిన ఏడు కూడా వచ్చేనెలే అన్నారుగా!"

నిజానికి ఆ మాట ఫ్యాక్టరీ పెద్దాయనది. ఎవరడిగినా "వచ్చేనెల" అనేవాడు గనక పనివాళ్ళు ఆయనకు వచ్చేనెల సారు అని పేరు పెట్టుకున్నారు. ఇంట్లో అత్తగారు కూడా కోడలిని ఆట పట్టించేది. "నేను పోయేలోపు ఒక్కసారైనా నీ బండి ఎక్కిస్తావా, లేక నా ఫోటో ఎక్కిస్తావా?" కోడలు నవ్వేది. ఆ నవ్వులో కొంచెం సిగ్గు ఉండేది.

ఒక వాన పొద్దున, ఒక ముసలావిడ మెట్టెక్కలేక తడబడుతుంటే నర్సు ఎడమ చేత్తో ఆవిడను పైకి లాగింది. కుడి చెయ్యి తలుపు అంచు మీద ఆనించింది. ఎప్పుడూ భుజం పెట్టి తోస్తే గాని కదలని తలుపు ఆ రోజు దానంతటదే వచ్చి పడింది. అంచుకు ఉండాల్సిన మెత్తటి రబ్బరు ఎప్పుడో ఊడిపోయింది. మిగిలింది ఉత్త ఇనుము. జనం గొలుసు లాగేలోగా బండి కదిలింది కూడా.

ఆమెను ఆమె పనిచేసే ఆసుపత్రికే తీసుకువెళ్ళారు. ఎముకలు అతుక్కుంటాయి గాని, బొటనవేలు, చూపుడువేలు మునుపటిలా వంగుతాయని చెప్పలేనన్నాడు డాక్టరు. సూది పట్టేది ఆ రెండు వేళ్ళతోనే.

అన్న ఆసుపత్రి వరండాలోనే భార్య మీద విరుచుకుపడ్డాడు. "ఇంకా ఎన్నాళ్ళు పరీక్షిస్తారు? ఆ బండ్లు బయటికొచ్చి ఉంటే దాని చెయ్యి ఇలా అయ్యేదా? మీకు కాయితం మీద అన్నీ సరిగ్గా ఉండాలి. మనుషులు మాత్రం ఏమైపోయినా ఫర్వాలేదు!"

అత్తగారు కొడుకును కసిరింది. "ఊరుకోరా. అది మాత్రం రాయా? చూడు, పొద్దుట్నుంచి మంచినీళ్ళు కూడా ముట్టలేదు." కాని మొగుడి మాట అప్పటికే వదిన గుండెలో ముల్లులా దిగింది.

మర్నాడు ఫ్యాక్టరీలో తలుపుల పరీక్ష ఉంది. కొత్త బోగీ అద్దంలా మెరుస్తోంది. వదిన ఒక చేతిసంచి పట్టీని తలుపు రెక్కల మధ్య పెట్టించింది. రెక్కలు మూసుకున్నాయి. పట్టీ ఇరుక్కునే ఉంది, డ్రైవరు ముందు మాత్రం పచ్చదీపం వెలిగింది. అన్నీ మూసుకున్నాయి, బయల్దేరవచ్చని దాని అర్థం. మళ్ళీ చేశారు. మళ్ళీ పచ్చదీపమే. చెయ్యంత లావు ఉంటే తలుపు గుర్తుపడుతోంది, పట్టీని గాని పసివాడి వేలును గాని గుర్తుపట్టడం లేదు. అంచులు మార్చి, ప్రతి తలుపునూ మొదటినుంచి పరీక్షించాలి.

సంగతి విని వచ్చేనెల సారు ఆమెను తన గదిలోకి పిలిచాడు. చెడ్డవాడు కాదు. పైనుంచి వచ్చే ఫోన్లతో నలిగిపోయిన మనిషి.

"బండ్లు వదిలే కాయితం మీద సంతకం పెట్టండమ్మా. బండ్లు తిరుగుతుండగా ఒక్కొక్కటే సరిచేద్దాం. ఆలస్యం అమృతం విషం అన్నారు."

"ఇరుక్కుంటే ఈడ్చుకుపోతుంది సార్."

ఆయన కాయితాన్ని ఆమె వైపు జరిపాడు. "మీ ఆడపడుచు సంగతి విన్నాను. మీరు ఆపిన ప్రతి రోజూ ఆ పాత బండ్లలో ఇంకో చెయ్యి నలగదని మీరు చెప్పగలరా?"

ఆమె ఒక రోజు గడువు అడిగి బయటికి వచ్చింది. నిజం చెప్పాలంటే, సంతకం పెట్టేద్దామనే ఆమె మనసుకు తోచింది.

ఆ సాయంత్రం ఆడపడుచుకు అన్నం కలిపి పెడుతూ వదిన జరిగిందంతా చెప్పింది. చివర్న అంది. "నీకోసమైనా పెట్టేద్దామని ఉంది."

నర్సు ముద్ద మింగి, నెమ్మదిగా అంది. "నాకోసం పెట్టకు వదినా. పాత తలుపు నా చెయ్యి నలిపిందని కొత్త తలుపుకి ఇంకొకరి చెయ్యి ఇస్తామా? ఒక్క సంగతి చెప్పు. ఇంత ఆలస్యం నిజంగా పరీక్షల వల్లేనా?"

వదిన నిట్టూర్చింది. "పరీక్ష మొదలై ఎంతయిందని? మొదటి బోగీ పెట్టె ఎండకీ వానకీ పట్టా కప్పుకుని ఆరుబయట పడి ఉండేది. సీట్లు అడ్డంగా వెయ్యాలా నిలువుగా వెయ్యాలా అన్నది తేలలేదు. ఈ ఆఫీసు చెప్పాలని ఆ ఆఫీసు, ఆ ఆఫీసు చెప్పాలని ఈ ఆఫీసు. తర్వాత తలుపులు వచ్చాయి, బిగించమని చెప్పేవాళ్ళు లేరు. అందరూ తినగా గిన్నె అడుగున మిగిలిన కాలమే మా పరీక్షకి. ఇప్పుడు ఆలస్యమంతా మాదే అంటున్నారు."

"సరే. మరి పాత తలుపుకి రబ్బరు ఎందుకు వెయ్యలేదు?"

వదిన చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. ఆ ప్రశ్న ఆమెకు ఇంతవరకూ తట్టలేదు. పాత బోగీలు బాగుచేసే షెడ్డు ఫ్యాక్టరీ గోడ పక్కనే ఉంది. కొత్తవి వస్తున్నాయి కదా, వీటికి ఖర్చెందుకని అక్కడ సామాను తెప్పించడం మానేశారు. తలుపుల పని తెలిసిన మేస్త్రీలను కొత్త పనికి పంపమని అడిగింది ఎవరు? తనే. మంచి పనివాళ్ళు దొరికారని ఆ రోజు సంతోషించింది కూడా.

"నేనే తెచ్చుకున్నాను వాళ్ళని" అంది వదిన. ఎడమ చేత్తో కళ్ళు తుడుచుకుంది.

"అయితే నువ్వే వెనక్కి పంపు" అంది నర్సు. "ఏడవకు. నాకింకా ఆకలిగా ఉంది."

వదిన సంతకం పెట్టలేదు. మేస్త్రీలను షెడ్డుకు తిప్పి పంపింది. దానివల్ల తన పని ఇంకా వెనకబడుతుందని తెలిసే ఆ పని చేసింది. వచ్చేనెల సారు ఆమెతో మాటలు తగ్గించాడు. మొగుడు రెండు పూటలా ముఖం ముడుచుకునే భోంచేశాడు.

ఆ వారంలోనే ప్రయాణికులతో సభ జరిగింది. స్టేషను పక్కనున్న హాలు కిటకిటలాడింది. పరీక్షల కారణంగా కొత్త బోగీలు మరికొంత ఆలస్యమవుతాయని వచ్చేనెల సారు కాయితం చూసి చదివేసరికి హాలంతా భగ్గుమంది. "ఆపింది ఎవరు?" అని అరిచారు. వదిన లేచింది. "ఆపింది నేనే" అని, పట్టీ ఇరుక్కున్న సంగతి చెప్పింది. పాత షెడ్డు నుంచి మనుషులను లాక్కున్న తప్పు కూడా దాచలేదు. "నిదానమే ప్రధానమంటారు, నిదానించి నిదానించి మమ్మల్ని చంపుతారు!" అని అరిచాడు బట్టలకొట్టు గుమాస్తా. ఈసారి ఎవరూ నవ్వలేదు.

అప్పుడు కట్టుకట్టిన చేత్తో నర్సు నిలబడింది. ఆమెను చూసి హాలు సద్దుమణిగింది.

"నేను పిల్లల వార్డులో పనిచేస్తాను. కొత్త మందు ఇచ్చే ముందు పిల్లాడి చేతి మీద ఒక చుక్క వేసి ఆగుతాం, పడుతుందో లేదో అని. వాడు ఏడుస్తుంటాడు, తల్లి కంగారుపడుతుంటుంది. అయినా ఆగుతాం. ఆ ఆగడం వాడికోసం. అదే మందు స్టోరుగదిలో ఉండి, తాళంచెవి ఎవరి దగ్గరుందో తెలియక పిల్లాడు పడి ఉంటే, ఆ ఆగడం ఎవరికోసం? కొత్త మందు వస్తోందని పాత మందు ఆపేస్తే దాన్ని ఏమంటారు? మా వదిన ఆగమన్నది మొదటి రకం. దానికి నేను అడ్డు చెప్పను. తాళంచెవి సంగతి మాత్రం ఇక్కడున్న పెద్దలు చెప్పాలి. నా చెయ్యి ఆ గదిలో పోయింది."

తర్వాత వచ్చేనెల సారు లేచాడు. ఆయన చేతిలో కాయితం చూడకుండా మాట్లాడటం అందరూ మొదటిసారి అప్పుడే చూశారు. కొత్తవి ఎప్పుడొస్తాయో తనకు తెలియదనీ, పాత తలుపులకు మాత్రం సామాను తెప్పించి రేపటినుంచే పని మొదలుపెట్టిస్తాననీ అన్నాడు. ఆ మాట నిలబెట్టుకున్నాడు. సీట్ల గొడవను నాన్చిన రెండు ఆఫీసులవాళ్ళనూ ఒకే గదిలో కూచోబెట్టి, మిగతా నిర్ణయాలు అక్కడికక్కడే చేయించాడు.

కొత్త బోగీలు ఆయన చెప్పిన ఏ నెలలోనూ రాలేదు. చాలా ఆలస్యంగా వచ్చాయి గాని, గట్టిగా వచ్చాయి. ఈలోగా పాత తలుపులు మనుషుల భుజాలతో పని లేకుండా మూసుకున్నాయి. నర్సు వేళ్ళు మాత్రం పూర్తిగా వంగలేదు. ఇప్పుడామె సూది పట్టడం కొత్త నర్సులకు నేర్పుతోంది. తను వెయ్యలేకపోయినా, వాళ్ళ చేతి మీద తన చెయ్యి వేసి నరం ఎక్కడుందో చూపిస్తుంది. ఎవరైనా తొందరపడితే ఆపుతుంది, ఎవరైనా ఊరికే నిలబడితే కసురుతుంది. వాళ్ళకు ఆమె మొదటి రోజే చెప్పే మాట ఒకటుంది.

"మనిషి కోసం ఆగితే అది జాగ్రత్త. మనిషిని మరిచి ఆగితే అది నేరం."