ఖల్ఫాన్ గుండెకి ఏమీ కాలేదు

"చెయ్యి కడుక్కుని ఇలా రా ఓసారి" అన్నాడు ఖల్ఫాన్, రంజాన్ మొదటిరోజు పొద్దున్న, ఆఫీసుకు బయల్దేరబోతూ.

బద్రియా రొట్టెల పిండి కలుపుతోంది. చేతులు కడుక్కుని, తువ్వాలుకి తుడుచుకుంటూ వచ్చింది. ఏదో బహుమతి ఇస్తాడనుకునేంత పిచ్చిది కాదు గానీ, పెళ్ళయిన పదమూడేళ్ళకి మొగుడు పిలిచి మరీ మణికట్టు పట్టుకుంటే ఏ ఆడదానికైనా ఒక్క క్షణం ఏదోలా ఉంటుంది కదా. ఉంది. అతను తన చేతి వాచీ విప్పి ఆమె చేతికి పెట్టాడు. పట్టీ వదులైతే రెండు చిల్లులు లోపలికి బిగించాడు. పైన జుబ్బా చెయ్యి కిందికి లాగి వాచీ కనిపించకుండా కప్పాడు.

"ఎలాగూ పొద్దస్తమానం ఇంట్లో తిరుగుతూనే ఉంటావుగా. ఊరికే పోయే నడక. నా లెక్కలోకి వస్తే తప్పేముంది?" అన్నాడు.

అడుగులు లెక్కపెట్టే వాచీలు, నిద్ర కొలిచే ఉంగరాలు, నాడి చూసే పట్టీలు దిగుమతి చేసుకుని అమ్మే కంపెనీలో ఖల్ఫాన్ పెద్ద ఉద్యోగి. మస్కట్‌లో ఏ మాల్‌కి వెళ్ళినా వాళ్ళ దుకాణం ఉంటుంది. అమ్మేవాడి పొట్ట చూసి కొనేవాడు నవ్వకూడదని వాళ్ళ యజమాని యాఖూబ్ ఈ రంజాన్‌కి సిబ్బందికి పందెం పెట్టాడు. ఉపవాసం ఉంటూ నెలంతా ఎవరు ఎక్కువ నడిస్తే వాళ్ళ ఫొటో ఊరంతా పోస్టర్లెక్కుతుంది, సొహార్‌లో తెరవబోయే కొత్త శాఖ వాళ్ళ చేతికొస్తుంది. ఖల్ఫాన్ నడకంటే కారు నుంచి లిఫ్టు దాకా. అందుకే ఈ ఉపాయం. ఆఫీసులో చెయ్యి బోసిగా కనిపిస్తే అనుమానిస్తారని, దుకాణంలో చూపించడానికి పెట్టే వాచీ, అచ్చం ఇలాంటిదే, అక్కడ తొడుక్కునేవాడు.

ఇంతకీ అతను అమ్మేది ఎక్కువగా ఆడవాళ్ళ వాచీలే. ఫోనులో యాఖూబ్‌తో చెబుతుంటే బద్రియా ఎన్నోసార్లు వింది. "ఆడవాళ్ళ వాచీ ఆడది కొనదండీ, మగాడు కొనిపెడతాడు. చిన్నగా, గులాబీ రంగులో ఉండాలి. 'ఆమె గురించి మీకెంత శ్రద్ధో చూపండి' అని రాయించండి, చాలు." పోయిన పండక్కి అలాంటివి నాలుగు వందలు అమ్మాడట. సొంత ఇంటికి ఒక్కటీ రాలేదు. నోరు తెరిచి అడిగింది కూడా ఓసారి, సిగ్గు విడిచి. "ఇంట్లో ఉండేదానివి, నువ్వేం కొలుస్తావు?" అని నవ్వేశాడు. ఏం కొలుస్తుంది మరి! రెండో కాన్పు తర్వాత బడిలో గుమాస్తా పని మానిపించాక, తనలో కొలవడానికేమైనా మిగిలిందని ఆమె కూడా అనుకోలేదు.

ఆ సాయంత్రం ఇఫ్తార్ అయ్యాక వాచీ విప్పి తీసుకుని చూసి నోరెళ్ళబెట్టాడు. ఇరవై రెండు వేల ఆరు వందల అడుగులు.

"ఎక్కడికెళ్ళావ్ ఇవాళ?"

"ఎక్కడికీ వెళ్ళలేదు."

"మరి ఇన్నెలా వచ్చాయి?"

ఎలా వచ్చాయో చెబుదామనే నోరు తెరిచింది. తెల్లవారకముందే సహరీ భోజనానికి లేచి అందరికీ వడ్డించి, తను ఆఖర్న ఒక గ్లాసు నీళ్ళు తాగేలోపే మసీదులో బాంగు వినబడటం దగ్గర మొదలుపెట్టాలి. పెద్దాడు మర్వాన్‌తో సహా పిల్లలు ముగ్గుర్నీ లేపటం, వాళ్ళ బూట్లు ముగ్గురివీ మూడు అంతస్తుల్లో వెతకటం, కారులో బడికి దింపిరావటం, ఉతికిన బట్టల బుట్ట ఎత్తుకుని డాబా మీదికి ముప్పై నాలుగు మెట్లు ఎక్కటం, అత్తగారికి ప్రతి నమాజుకీ వజూ నీళ్ళు గోరువెచ్చగా అందించటం, ఆవిడ "అమ్మాయ్, కిటికీ మూసెయ్" అంటే మూయటం, పది నిమిషాలకి "ఉక్కగా ఉంది, తెరువు" అంటే తెరవటం, గోధుమలూ మాంసమూ వేసిన హరీస్ అడుగంటకుండా కలుపుతూనే వాకిట్లో గ్యాసు బండవాడికి తలుపు తీయటం. ఇవన్నీ ఎవరైనా అడిగితే చెప్పుకోవాలని ఎన్నేళ్ళుగానో దాచుకున్నట్టుంది ఆమెకి. ఇవాళ సాక్ష్యం కూడా ఉంది, అంకెతో సహా. 'ఇంత తిరుగుతున్నావా బద్రియా' అంటాడని, వెర్రిమొహంది, ఎదురుచూసింది కూడా.

"భేష్! ఆఫీసులో ఆ సేలంగాడు నా దరిదాపుల్లో లేడు" అని ఖల్ఫాన్ వాచీ తొడుక్కుని, తలపాగా సర్దుకుని, స్నేహితులతో కబుర్లకి పోయాడు.

రెండోవారం వచ్చేసరికి అతని నడక ఊళ్ళో పెద్ద కబురైంది. తెల్లవారుజామున సముద్రం ఒడ్డున నడుస్తున్నానని చెప్పుకున్నాడు. అత్తగారు జువైనా నమ్మింది. "నడిచి నడిచి నా బిడ్డ చిక్కి సగమయ్యాడు, వాడికి నెయ్యి ఇంకాస్త వెయ్యి పిల్లా" అనేది. బద్రియా వేసేది. వాచీ లెక్క ఎప్పటికప్పుడు అతని ఫోనుకి చేరేది. ఖల్ఫాన్ మధ్యాహ్నం ఆఫీసు నుంచి ఫోను చేసేవాడు. "ఇవాళ పద్నాలుగు వేల దగ్గరే ఆగావేం? పడుకున్నావా? కాస్త మెట్లెక్కి దిగు." కూర్చున్నా తెలిసిపోయే రోజులొచ్చాయి. పదమూడేళ్ళుగా ఎప్పుడు కూర్చుంటోందో ఎవరికీ పట్టలేదు, ఇప్పుడు పట్టింది. నిజం చెప్పాలంటే ఆమెకి అరికాళ్ళ దగ్గర్నుంచి మండింది.

మెట్ల మీద ఆయాసం ఆమెకి కొత్తదేమీ కాదు. చలికాలం నుంచీ ఉంది. బుట్టతో సగం మెట్లెక్కేసరికి గుండె ఒక్కసారి జారినట్టయి, ఆగి, మళ్ళీ గబగబా కొట్టుకునేది. కళ్ళు బైర్లు కమ్మేవి. అప్పుడే చెప్పింది భర్తతో. "రక్తం తక్కువేమో, ఖర్జూరాలు తిను" అన్నాడు, ఫోను లోంచి తల ఎత్తకుండా. అత్తగారైతే, "ఎనిమిదిమందిని కని, బావి నుంచి నీళ్ళు మోసినదాన్ని, నాకు లేని దడ నీకెక్కడిదే?" అంది. తర్వాత బద్రియా ఎవరితోనూ చెప్పలేదు. దడ వస్తే పన్నెండో మెట్టు మీద కూర్చుని, తగ్గాక లేచేది.

ఇరవై ఒకటో రోజా నాటి మధ్యాహ్నం ఖల్ఫాన్ ఫోనుకి ఎర్రగా ఒక హెచ్చరిక వచ్చింది. గుండె లయ తప్పుతోంది, మూడోసారి, వెంటనే వైద్యుణ్ణి కలవండి అని.

యజమాని యాఖూబ్ పక్కనే ఉన్నాడట. ఖల్ఫాన్ పాలిపోయి కుర్చీలో కూలబడ్డాడట. యాఖూబే స్వయంగా కారులో ఎక్కించుకుని ఖరీదైన ఆసుపత్రికి పరుగులు తీశాడట. ఇవన్నీ మరిది హమూద్ ఫోనులో చెబుతుంటే బద్రియా పొయ్యి ముందు నిలబడి వింది. "వాచీ కనిపెట్టింది వదినా, లేకపోతే అన్నయ్య మనకి దక్కేవాడు కాదు" అని ఏడుస్తున్నాడు. ఫోను పట్టుకున్న ఆ చేతికే ఉంది వాచీ. జుబ్బా చెయ్యి వెనక్కి తోసి చూసుకుంది. దాని మీద కూడా అదే ఎర్ర గుర్తు మినుకుమంటోంది. అరగంట కింద డాబా మెట్ల మీద తను కూర్చుండిపోయిన సంగతి గుర్తొచ్చింది. 'ఇప్పుడు గుర్తొస్తుంది ఆయనకి. వాచీ ఎవరి చేతికుందో ఇప్పుడు గుర్తొచ్చి ఫోను చేస్తారు' అనుకుంది. పొయ్యి కట్టేసి, స్టూలు మీద కూర్చుని ఎదురుచూసింది. హాల్లో అత్తగారు గుండెలు బాదుకుంటోంది, ఇరుగుపొరుగు ఆడవాళ్ళు చేరుతున్నారు, వాళ్ళకి కుర్చీలు వెయ్యమని ఆవిడ ఏడుపు మధ్యలో కూడా కేక పెట్టింది. ఫోను రాలేదు.

సాయంత్రం ఖల్ఫాన్‌ని ఇద్దరు పట్టుకుని తీసుకొచ్చి దిండ్ల మీద పడుకోబెట్టారు. ఈసీజీ తీశారు, స్కానింగ్ చేశారు, రక్తం పరీక్షించారు, అన్నీ శుభ్రంగా ఉన్నాయి. అయినా మూడురోజులు రోజా మానేసి విశ్రాంతి తీసుకోమన్నారు. జనం పల్చబడ్డాక బద్రియా సూపు తీసుకుని గదిలోకి వెళ్ళి తలుపు వేసింది. గిన్నె కింద పెట్టి, చెయ్యి చాపింది.

"వాచీ ఇక్కడుంది."

అతను ఆమె మణికట్టు చూశాడు. తన చేతికున్న దుకాణం వాచీ చూసుకున్నాడు. మళ్ళీ ఆమె మణికట్టు చూశాడు. నటన కాదు. నిజంగానే మర్చిపోయాడు. మూడు వారాలుగా తన పేరున నడుస్తున్న మనిషి ఒకత్తి ఉందన్నదే అతనికి తట్టలేదు. బద్రియా ఆ ముఖాన్నే చూస్తూ నిలబడింది. మొదట దాని మీదకి ఏం వస్తుందో చూడాలనుకుంది. వచ్చింది నవ్వు.

"హమ్మయ్య! అయితే నాకేం లేదన్నమాట! చచ్చానే అనుకున్నాను బద్రియా, నీ మీద ఒట్టు" అని దిండు మీదకి వాలి కడుపారా నవ్వాడు. నవ్వి నవ్వి, అప్పుడు ఆమె వైపు చూశాడు.

"నీకూ ఏం ఉండదులే. ఆడవాళ్ళకి మామూలే."

"మూడుసార్లు చెప్పింది వాచీ."

"సరే, పండగ వెళ్ళనీ, చూపిద్దాం. ఇప్పుడు బయటపడితే సొహార్ సంగతి దేవుడెరుగు, ఉన్న ఉద్యోగమే ఊడుతుంది. తొమ్మిది రోజులు ఓపిక పట్టలేవా? వాచీ మాత్రం తియ్యకు. మెల్లిగా నడు. కానీ ఇరవై వేలకి తగ్గకుండా చూసుకో."

తర్వాతి మూడురోజులూ ఉపవాసం ఉన్న బద్రియా, గుండె బాగున్న మగాడికి పట్టపగలు సూపులు కాచి పోసింది. కొడుకు దక్కితే మేకను కోసి నలభైమందికి ఇఫ్తార్ పెడతానని అత్తగారు మొక్కుకుంది. మొక్కు ఆవిడది, మేక హమూద్ తెచ్చాడు, వంట ఎవరిదో చెప్పాల్సిన పనే లేదు. ఇరవై నాలుగో రోజా నాడు ఇఫ్తార్ అయ్యాక మగవాళ్ళంతా సబ్లాలో, అంటే మగ అతిథులు కూర్చునే పెద్ద గదిలో, బారులు తీరి అన్నం పళ్ళేల చుట్టూ కూర్చున్నారు. ఆడవాళ్ళు లోపలి హాల్లో. వంటింటికీ సబ్లాకీ మధ్య ఒక్క తలుపే. కహ్వా కాఫీ పోస్తున్న బద్రియాకి యాఖూబ్ గొంతు ఖణీమని వినిపించింది.

"ఆ సరుకంతా తిప్పి పంపించేస్తున్నానయ్యా. రెండు వేల వాచీలు! బాగున్నవాడి గుండె బాగాలేదంటుందా? అంతేనా, మూడురోజులుగా మంచం దిగనివాడు రోజుకి ఇరవై వేల అడుగులు నడిచాడంటోంది! పిచ్చెక్కింది దానికి."

సబ్లా అంతా గొల్లుమంది.

"నీ పందేనికేం భయం లేదులే ఖల్ఫాన్. మొదటి ఇరవై రోజులే లెక్కలోకి తీసుకున్నా గెలుపు నీదే. ఆ వాచీ మాత్రం ఇటు తెప్పించు, పెట్టెలో పెట్టి తయారీ కంపెనీ వాళ్ళ మొహాన కొడతాను."

"అవునండీ, యంత్రం కదా, దాని మాటకేముంది" అన్నాడు ఖల్ఫాన్. గొంతులో తడబాటు కూడా లేదు. "అమ్మా! నా వాచీ లోపలుంది, కాస్త పంపించు."

జువైనా మోకాళ్ళు పట్టుకుంటూ వంటింట్లోకి వచ్చింది. "వాడి వాచీ నీ దగ్గరుందా అమ్మాయ్?" బద్రియా జుబ్బా చెయ్యి పైకి లాగింది. ముసలావిడ కళ్ళు చికిలించి చూసింది. ఎక్కువసేపు పట్టలేదు ఆవిడకి, తెలివైన మనిషే.

"ఎన్నాళ్ళ నుంచి?"

"మొదటి రోజా నుంచి, అత్తయ్యా."

"అయితే ఆ దడ..." అని ఆవిడ గోడ పట్టుకుంది. ఒక్క నిమిషం ఆ ముఖం మెత్తబడ్డట్టే అయింది. తర్వాత తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "ఇప్పుడెందుకులే తల్లీ, ఇంటినిండా జనం. ముందా వాచీ ఇలా ఇవ్వు. వాడి పరువు పోతుంది."

బద్రియా పట్టీ మీద వేలు పెట్టింది. విప్పటానికెంతసేపు! విప్పి ఇచ్చేస్తే పెట్టెలో పడి సముద్రం దాటిపోతుంది. పండగ వెళ్ళాక 'ఆ వాచీ చెడిపోయిందని తేలిందిగా, నీకేం లేదు' అంటారు. వాళ్ళనటమేమిటి, నాలుగురోజులు పోతే తనూ నమ్ముతుంది. ఖర్జూరాలు తింటుంది. ఈ ఇంట్లో, ఈ ఊళ్ళో, తన గుండె సంగతి పట్టించుకుని నోరు విప్పి చెప్పింది అరచేతిలో సగం లేని ఈ వస్తువొక్కటే. దాన్నీ అబద్ధాలకోరు అని ముద్రవేసి పంపించేస్తున్నారు, తను పోసిన కహ్వా తాగుతూ. తన అడుగులు కూడా యంత్రం పిచ్చేనట! గుండె మళ్ళీ జారింది. పొయ్యి గట్టు పట్టుకుని, అది కుదుటపడేదాకా నిలబడింది. తర్వాత చేతులు కడుక్కుని, తలమీద ముసుగు సరిచేసుకుని, అత్తగారిని పక్కకి తప్పించి తలుపు తోసింది.

సబ్లాలో నవ్వులు ఒక్కసారిగా ఆగాయి. నోటిదగ్గర ముద్దలు నోటిదగ్గరే ఉన్నాయి.

"లోపలికెళ్ళు బద్రియా" అన్నాడు ఖల్ఫాన్ సగం లేస్తూ.

ఆమె అతని వైపు చూడలేదు. యాఖూబ్ ముందుకెళ్ళి చెయ్యి చాపింది. వాచీ మీద ఎర్ర గుర్తు వెలిగి ఆరుతోంది.

"యాఖూబ్ అన్నా, మీ సరుకు మంచిదే, తిప్పి పంపకండి. మొదటి రోజా నుంచి ఇది నా చేతికే ఉంది. మూడురోజులుగా మంచం మీదున్నది ఆయన, నడిచింది నేను."

ఖల్ఫాన్ మెడ దాకా ఎర్రబడ్డాడు. "మతి పోయిందా నీకు? పండగయ్యాక చూపిస్తానన్నానుగా!" అనేశాడు. అన్నాక గానీ తనేమన్నాడో అతనికి తెలియలేదు.

బద్రియా భర్త వైపు తిరిగింది.

"అడుగులన్నీ మీరే ఉంచుకోండి మర్వాన్ నాన్నా, నాకొద్దు. గుండె మాత్రం నాది. కారు తాళాలు ఇటివ్వండి, ఆసుపత్రికి నేనే వెళతాను."