గోడ మాట

మా దీవి ఈ చివర నుంచి ఆ చివరకు నడిస్తే పావుగంట. ఎదురుగా ఎవరైనా గొడుగు వేసుకుని వస్తే అరగంట. సందులో ఇద్దరు తప్పుకోవాలంటే ఒకరు ఎవరింటి గడపో ఎక్కాల్సిందే. పక్కింట్లో మిరపకాయ వేగితే మా ఇంట్లో తుమ్ములు. మొదట్లో నలభై కుటుంబాలు ఇసుకదిబ్బ మీద దిగాయట. ఇప్పుడు ఆరువేల మందిమి. దిబ్బ దానంతటది పెరగలేదు, మేమే పెంచుకున్నాం. ఆలుచిప్పలు ఒలిచి లోపలి కండ అమ్ముకుంటాం, ఖాళీ చిప్పలు ఒడ్డున పోసి, తొక్కి, నేల చేసుకుంటాం.

పోసిన నేల పోసినవాళ్లది. కానీ "ఇది నాది" అని ఎవరికి వాళ్లు చెప్పుకుంటే చెల్లదు. పూర్వం అలా చెప్పుకునే తలలు పగలగొట్టుకున్నారట. అందుకని ఆ నేలను ఆనుకుని గోడ ఉన్నవాళ్లలో ఒకరు చెప్పాలి. పోసినవాళ్లు ఎవరిని పిలుచుకుంటే వాళ్లే, అదీ ఒక్కసారే. దాన్ని గోడ మాట అంటాం. ఆ సమయంలో పోసినవాళ్లు నోరెత్తితే నేల పోయినట్టే.

నేను పద్దెనిమిదేళ్లు పోశాను. ఆలుచిప్పలు ఒలిచే షెడ్డులో పని అయ్యాక రోజుకు రెండు బుట్టలు. అన్నయ్య ఇంట్లో నా చోటు వంటగది గుమ్మం దగ్గర ఒక చాప. వదిన పొయ్యి వెలిగించేలోగా చుట్టేయాలి. లోపలి నుంచి గడియ పెట్టుకునే ఒక గది కావాలని తప్ప ఈ జన్మకు నేనేమీ కోరుకోలేదు. మొదటి మూడేళ్లు అక్క కూడా నాతో బుట్టలు మోసింది. చిప్ప గుచ్చుకుని ఆమె కాలు చీము పడితే నేనే కట్టు కట్టాను.

నేలలకు పట్టాలు రాయడానికి సర్వేయరు వస్తున్నాడన్నారు. నా నేలకు ఒకవైపు దర్జీ గోడ, రెండోవైపు అక్క అత్తవారింటి గోడ.

"నన్ను పిలువమ్మా, నేను చెప్తా. నీ చిప్పల చప్పుడు వింటూనే ఇన్నేళ్లూ కుట్టాను" అన్నాడు దర్జీ.

"మా అక్క ఉండగా బయటివాళ్లెందుకు బాబాయ్?" అన్నాను. ఎంత గర్వంగా అన్నానో తలుచుకుంటే ఇప్పటికీ నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

సర్వేయరు వచ్చిన రోజు గోడ మాటకు అక్కనే పిలిచాను. అతను మడమతో నేలను తన్ని చూశాడు.

"గట్టిగానే ఉందే! ఎవరు పోశారమ్మా?"

అక్క జుట్టు సవరించుకుంది. నా వైపు చూడలేదు.

"ఎవరూ పోయలేదండీ. మా నాన్న కాలం నుంచీ ఉన్న నేలే."

నాన్న నేలంటే నాన్న ఇంట్లో ఉంటున్న కొడుకుది. సర్వేయరు అన్నయ్య పేరు రాసుకున్నాడు. అన్నయ్య తన చెప్పుల వంక చూసుకుంటూ నిలబడ్డాడు. నేను నోరెత్తలేదు. అంతా పోతున్నా ఆ నియమం పాటించిన మనిషిని అక్కడ నేనొక్కదాన్నే.

"ఎందుకలా చెప్పావే?" అని సాయంత్రం అడిగాను.

"అన్నయ్య దాని మీద మేడ వేసి పైగది నాకిస్తానన్నాడే. మేం ఎనిమిది మందిమి రెండు గదుల్లో చస్తున్నాం. ఒంటిదానివి, నీకెందుకే గది?"

తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఏమిటో అప్పుడు తెలిసింది. నేల పోయినందుకు కన్నా, "నీకెందుకే" అన్నందుకు నాకు కడుపు మండింది.

నెల తిరక్కుండానే తాపీమేస్త్రి వచ్చాడు. అతనూ గోడ ఉన్న మనిషినే అడిగాడు.

"పోసిన నేలైతే ఏటా జానెడు కుంగుతుంది, మేడ వేయను. పాత నేలైతే రేపే మొదలెడతా. ఏదమ్మా?"

అక్కకు తెలుసు. ప్రతి వానాకాలం తర్వాత నేను మళ్లీ నింపడం ఆమె కళ్లారా చూసింది. కానీ పోసిన నేలని ఒప్పుకుంటే పట్టా పోతుంది. అప్పుడు నా వైపు చూసింది.

నేను ఆగలేకపోయాను. "పోసిన నేలే మేస్త్రీ. నాకు పట్టా వద్దు, ఏమీ వద్దు. మేడ మాత్రం వేయకు."

"కుళ్లుతో అంటోంది. పాత నేలే" అంది అక్క.

మేడ లేచింది. అక్క పిల్లలతో పైకి ఎక్కింది. మొదటి వానలకే కింద మూలన వెంట్రుకంత బీట కనిపించింది.

ఆ రోజు షెడ్డు నుంచి బుట్ట నింపుకొచ్చి గోడ మొదట్లో పోసి తొక్కడం మొదలుపెట్టాను. అక్కను క్షమించానని ఎవరైనా అనుకుంటే వాళ్ల ఖర్మ.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకమ్మా?" అన్నాడు దర్జీ కుట్టుమిషను ఆపి.

పైన కిటికీ తెరుచుకుంది.

"అందరూ చూస్తుండగా ఏంటే ఈ పని? నేల కుంగుతోందని అనుకోరూ? ఆపు!" అని అక్క గొంతు తగ్గించి అరిచింది.

"కుంగదులే అక్కా. నాన్న కాలం నుంచీ ఉన్న నేల కదా" అన్నాను తొక్కుతూనే.

ఆమె వెనక నుంచి చిన్నకూతురు తల బయటపెట్టి నాకు చెయ్యి ఊపింది. కిటికీ మూసుకుంది. రెండో బుట్ట కోసం నేను షెడ్డుకు వెళ్లాను.