గరాజు మీద గది

బస్సు దిగేసరికి ఎనిమిదీ ఇరవై అయింది. ఎనిమిదింటికల్లా పొయ్యి వెలగాలి. వంటావిడ తెగిన చెప్పు చేత్తో పట్టుకుని పరుగులాంటి నడకతో బయల్దేరింది. ఆ పేట లోపలికి బస్సు రాదు. రానివ్వరు. చప్పుడట, పొగట. ఇంటికి రెండేసి కార్లున్నవాళ్లకి పొగంటే మహా అసహ్యం! అందుకని స్టాపు బయట పెద్ద రోడ్డు మీదే ఉంటుంది, అక్కణ్నించి పావుగంట నడక. దారంతా చెట్లు, నీడ, గచ్చు చేసిన కాలిబాట. దాని మీద నడిచేవాళ్లు మాత్రం పనివాళ్లే.

అమ్మగారు వంటింటి గుమ్మంలోనే నిలబడి ఉంది. మధ్యాహ్నం పదిహేనుమంది భోజనానికి వస్తున్నారు.

"ఇప్పుడా రావడం?"

"మొదటి బస్సు రాలేదమ్మగారూ. రెండోదాంట్లో వేలాడుతూ వచ్చా."

"రోజూ ఇదే కథ. ముందు ఉల్లిపాయలు చూడు."

చూసింది. ఉల్లిపాయల్నీ, మాంసాన్నీ, మూడు రకాల కూరల్నీ, ఆ తర్వాత అరవై గిన్నెల్నీ చూసింది. అతిథులు లేచి, చేతులు తుడుచుకుని, వంట బ్రహ్మాండంగా ఉందని అమ్మగారిని మెచ్చుకుని వెళ్లిపోయేసరికి మూడున్నర దాటింది. అప్పుడు నిలబడే నాలుగు ముద్దలు తిని, గట్టుకి నడుం ఆనించింది. సరిగ్గా ఆ క్షణంలో అమ్మగారు లోపలికొచ్చింది. వంటావిడ గబుక్కున నిటారుగా నిలబడింది.

"పర్లేదులే. ఒక మాట చెబుతాను విను. గరాజు మీద గది ఖాళీగా ఉంది. నువ్వూ, మీ ఆయనా, పిల్లా వచ్చెయ్యండి. అద్దె ఒక్క పైసా వద్దు. జీతం మాత్రం తొమ్మిది వేల నుంచి ఏడు చేస్తాను. అది న్యాయమే కదా?"

వంటావిడ నోటిదాకా వచ్చిన మాట అమ్మగారి తర్వాతి మాటతో ఆగిపోయింది.

"ఈ పేట బళ్లో బయటి పిల్లలకి సీటివ్వరు, తెలుసుగా. మీరు ఇక్కడ ఉంటున్నారని నేను కాగితం రాసిస్తాను. మీ పిల్ల తెలివైంది. ఆ మురికివాడలో ఉంచి చెడగొట్టకు. ఆదివారం వచ్చి గది చూసుకోండి."

రెండు బస్సుల్లో ఇంటికి వెళ్లేదాకా ఆ బడి మాటే ఆమె చెవుల్లో గింగురుమంటూ ఉంది.

వాళ్ల ఇల్లంటే ఒకటే గది. వంటావిడ మొగుడు దర్జీ, మేడమెట్ల కింద అతని మిషను. నీళ్లు పొద్దున గంట, సాయంత్రం గంట, అదీ వీధిలో అందరికీ కలిపి ఒకటే కుళాయి. పక్క గదిలో అతని అక్క ఉంటుంది. ఇరవై ఏళ్లుగా లాండ్రీలో ఇస్త్రీ చేసి చేసి అరచేతులు తోలులా అయిపోయిన మనిషి. బడినుంచి రాగానే పిల్ల ఆవిడ గదికే వెళుతుంది, తల్లి వచ్చేదాకా అక్కడే ఉంటుంది.

వంటావిడ చెప్పిందంతా విని దర్జీ సూదిలో దారం ఎక్కించడం మానేశాడు.

"మరి నా మిషనో?"

"అక్కడ పెట్టుకో. ఎవరొద్దన్నారు?"

"అక్కడ ఎవరు కుట్టించుకుంటారే పిచ్చిదానా! వాళ్ల బట్ట చిరిగితే అతుకు వేయించుకుంటారా? నీ చేతిలో పెడతారు. నువ్వు తెచ్చి నాకిస్తావు. నేను పొట్టి చేసి పిల్లకి తొడుగుతాను. ఇంక నా బేరమంతా నా ఇంట్లోనే!"

పిల్ల కిసుక్కున నవ్వింది. దర్జీ కూడా నవ్వాడు గానీ ఆ నవ్వు మీసం దాటలేదు. రోజుకి మూడు వందలు తెచ్చే మిషను అది. ఈ వీధిలో జిప్పు ఊడినా, ప్యాంటు పొడుగైనా అందరూ అతని దగ్గరికే వస్తారు, వచ్చి అరగంట కూర్చుని కబుర్లు చెప్పి మరీ వెళతారు.

"నాకైతే భయమేస్తోంది మరదలా," అంది పక్క గదిలోంచి వచ్చిన ఆడపడుచు. "ఆ పేటవాళ్ల బట్టలు ఇరవై ఏళ్లుగా ఇస్త్రీ చేస్తున్నా. జేబులో చిల్లర మర్చిపోతే దానికీ మనిషిని పంపిస్తారు. అలాంటివాళ్లు గదికి గది ఊరికే ఇస్తారంటావా?"

"ఊరికేం కాదు వదినా, రెండు వేలు కోస్తోంది."

"అంతేనా? అంతే అయితే బతికిపోయావు."

"అందరూ ఒకలా ఉండరు వదినా! పదకొండేళ్ల నుంచి చేస్తున్నా ఆవిడ దగ్గర. పిల్ల గురించి తనంతట తనే అడిగింది. ఇక్కడి బళ్లో ఏముంది చెప్పు? లెక్కల మాస్టారు పోయి రెండేళ్లయింది, కొత్తాయన్ని వేసినవాడు లేడు. ఎనభైమంది పిల్లలు ఒక గదిలో కూర్చుని అరుస్తుంటారు. ఇది పుస్తకం చూసి తనే లెక్కలు నేర్చుకుంటోంది. ఎన్నాళ్లు నేర్చుకుంటుంది?"

పిల్లకి పన్నెండేళ్లు. పాత కాలెండరు వెనకవైపు ఏదో రాసుకుంటూ ఉంది. రాసి, కొట్టేసి, మళ్లీ రాసింది.

"ఏం రాస్తున్నావే తల్లీ?" అన్నాడు దర్జీ.

"అమ్మ బస్సు లెక్క నాన్నా. పోవడానికీ రావడానికీ రోజుకి నాలుగు గంటల ఇరవై నిమిషాలు. నెలకి ఇరవయ్యారు రోజులు. అంటే అమ్మ ఏడాదిలో యాభయ్యారు రోజులు బస్సులోనే ఉంటోంది. పగలూ రాత్రీ దిగకుండా."

దర్జీ పెళ్లాం పాదాల వైపు చూశాడు. చీలమండలు రెండూ వాచి ఉన్నాయి. రోజూ ఉండేవే, ఇవాళ కొత్తగా చూశాడు. అతనికి సిగ్గేసింది.

"సరే, పోదాం. మిషనుదేముంది," అన్నాడు. అంతకన్నా పెద్ద అబద్ధం అతను జన్మలో ఆడలేదు.

ఆదివారం ముగ్గురూ ఉతికిన బట్టలు కట్టుకుని వెళ్లారు. గరాజు పక్కనుంచి ఇనప మెట్లు. పైన గది. కొత్తగా సున్నం వేశారు. మూల కుళాయి తిప్పితే నీళ్లు ధారగా పడ్డాయి. వంటావిడ తిప్పి, కట్టి, మళ్లీ తిప్పింది. పిల్ల కిటికీ దగ్గరికి పరుగెత్తింది. అక్కణ్నించి చూస్తే గోడ అవతల బడి కనిపిస్తుంది, ఎర్రటి కప్పు, పచ్చటి మైదానం. కళ్లార్పకుండా చూస్తూ నిలబడిపోయింది. దర్జీ జేబులోంచి టేపు తీసి గోడవార కొలిచాడు. మిషను పడుతుంది. పడుతుందని తేలాక అతని మొహం కాస్త విప్పారింది.

గదిలో ఒక ఎలక్ట్రీషియను స్టూలెక్కి తలుపు పైన గంట బిగిస్తున్నాడు.

"మిషనైతే వద్దన్నారండీ," అన్నాడు దిగకుండానే. "చప్పుడు కిందికి వస్తుందట. చెప్పమన్నారు."

దర్జీ టేపు చుట్టేశాడు.

"ఈ గంటెందుకు బాబూ?" అని అడిగింది వంటావిడ.

"మిమ్మల్ని పిలవడానికి. స్విచ్చి అమ్మగారి మంచం పక్కన పెట్టాను. ఒకసారి మోగితే మీరు. రెండుసార్లు మోగితే పాప."

"పాపా?"

"అలాగే చెప్పారమ్మా నాకు."

ఇనప మెట్ల మీద చెప్పుల చప్పుడయింది. అమ్మగారే వచ్చింది. గది నచ్చిందా అని అడిగి, జవాబు కోసం ఆగకుండా, కిటికీ దగ్గరున్న పిల్ల భుజం తట్టింది.

"బడి మూడింటికి అయిపోతుంది. ఆ తర్వాత ఖాళీయేగా? టీ అందించడం, మా అత్తగారి కాళ్లు పట్టడం, రాత్రి ఆవిడకి మందులివ్వడం. చిన్నచిన్న పనులు. పొద్దున ఆరింటికి లేస్తే బడికి ముందు ఇల్లు ఊడ్చెయ్యొచ్చు."

"అది చదువుకోవాలి కదమ్మగారూ..."

"చదువుకోవద్దన్నానా? ఊడ్చే మనిషిని మానిపించేశాను, ఈ పిల్ల ఉంటుంది కదా అని. దీని చేతిలో పని ఉంది, ఎక్కడ పెట్టినా నెగ్గుకొస్తుంది అని నువ్వే కదా చెప్పావు?"

చెప్పింది. నిజంగానే చెప్పింది. పోయిన సెలవుల్లో చెయ్యి బెణికితే పది రోజులు పిల్లని తోడు తెచ్చుకుంది. ఇల్లు ఎంత చక్కగా తుడిచిందో, టీ ఎంత బాగా పెట్టిందో అమ్మగారి ముందు మురిసిపోతూ చెప్పుకుంది. పనివాళ్ల ఇళ్లలో పిల్లని పొగడాలంటే పనే పొగుడుతారు. పని ఇచ్చే ఇంటివాళ్లకి అర్థమయ్యే గొప్ప అదొక్కటే అనుకుంటారు. లెక్కల సంగతి ఒక్కనాడూ చెప్పలేదు. సిగ్గుపడింది. తన కూతురి ఖరీదు తనే కట్టి అమ్మగారి చేతుల్లో పెట్టానని ఇప్పుడు తెలిసింది ఆమెకి.

"కాగితమో అమ్మగారూ?" అన్నాడు దర్జీ మెల్లిగా.

"సామాను తెచ్చుకోండి, ఆ రోజే సంతకం పెడతాను. ఉండండి, కిందికెళ్లి గంట నొక్కుతాను. సరిగ్గా వినిపిస్తోందో లేదో చూడాలి."

ఆవిడ వెళ్లింది. ఎలక్ట్రీషియను స్టూలు తీసుకుని వెనకే దిగాడు. ముగ్గురూ గదిలో ఉన్న ఒక్క మంచం మీద పక్కపక్కన కూర్చున్నారు.

గంట ఒకసారి మోగింది.

"వస్తున్నా అమ్మగారూ!" వంటావిడ అరిచేసింది. అరిచాక తను నిలబడి ఉన్నట్టు తెలిసింది. పదకొండేళ్ల అలవాటు కాళ్లని లేపేసింది. దర్జీ తల దించుకున్నాడు. ఆమె మళ్లీ కూర్చుంది.

గంట రెండుసార్లు మోగింది.

పిల్ల లేచి చెప్పుల్లో కాళ్లు పెట్టుకుంది. జడ వెనక్కి వేసుకుంది. అచ్చం తల్లిలాగే ఓణీ నడుముకి దోపుకుంది.

"కూర్చో," అంది వంటావిడ.

"నాకే కదమ్మా. రెండుసార్లు."

"విన్నానే. కూర్చో."

"మరి బడి?"

తల్లి పిల్ల చెయ్యి పట్టుకుని గట్టిగా కిందికి లాగింది. పిల్ల మంచం మీద కూలబడి కిటికీ వైపు చూసింది. దాని కళ్ల నిండా నీళ్లు.

గంట మళ్లీ రెండుసార్లు మోగింది. ఈసారి వేలు కాస్త గట్టిగా నొక్కినట్టుంది. తర్వాత ఆపకుండా, రెండేసి, రెండేసి. వంటావిడ కూతురి చెయ్యి వదల్లేదు. ముగ్గురిలో ఒక్కరూ లేవలేదు.