అడిగింది నన్ను

"ఏం తకలీఫ్ లేదు మేడం. అన్ని పన్లు ఆమెనే జేస్కుంటది," అంటూ రవీందర్ కాగితాన్ని తన వైపు లాక్కున్నాడు.

రొమ్ము కాన్సర్‌కు వైద్యం పూర్తయిన ఆడవాళ్లకు దవాఖానలో ఆరు నెలలకోసారి ఇచ్చే కాగితం అది. ఎలా బతుకుతున్నారని అడిగే ముప్పై ప్రశ్నలు. దాదాపు అన్నిటికీ నాలుగేసి గడులు: అస్సలు లేదు, కొంచెం, ఎక్కువ, చాలా ఎక్కువ. ఇంతకుముందు మూడుసార్లూ రవీందరే నింపాడు. గుండ్లపోచంపల్లిలో ప్లాట్లు అమ్మే మనిషికి కాగితాలు కొత్త కాదు. ఆయన వేలు పెట్టిన చోట సంతకం చేయడం భార్య అండాలుకూ కొత్త కాదు. శామీర్‌పేటలో తల్లిగారిచ్చిన భూమి కూడా ఆ వేలి కిందే పోయింది.

అన్నీ మొదటి గడిలోనే టిక్కులు పెట్టి, ఫోన్ మోగితే రవీందర్ బయటికి వెళ్లాడు. బల్ల వెనక కూర్చున్న డాక్టర్ తేజస్వి కాగితం చూసింది, అండాలును చూసింది.

"అమ్మా, చెయ్యి వాపు అస్సలు లేదని ఉంది. మరి జాకెట్ చెయ్యి ఎందుకు విప్పుకున్నరు?"

అండాలు కొంగు లాక్కుంది. ఎడమ చెయ్యి పట్టడం లేదని జాకెట్ కుట్లు విప్పుకుని ఏడాది దాటింది.

"వెనకటి మూడింట్ల గూడ లేదనే రాసిన్రు. ఉందని రాస్తే ఏడాదిన్నర కిందనే ఫిజియోథెరపీకి పంపుతుంటిమి."

ఏడాదిన్నర. అండాలు ఆ మాటను లోపలే పలికి చూసుకుంది. ఆ ఏడాదిన్నరలో ఎన్ని బకెట్లు మోసింది, ఎన్ని దుప్పట్లు పిండింది. చెయ్యి గుంజుతుందంటే అత్త అన్నది, "తీసింది రొమ్ము గదా, చేతులు గాదు గదా." వార్డు మీటింగులో రవీందర్ మైకు పట్టుకుని మా ఇంటామె కాన్సర్‌ను గెలిచిందన్నాడు, శాలువా కప్పించాడు, జనం చప్పట్లు కొట్టారు. ఇంటికి వచ్చాక వాళ్లందరికీ చాయ్ పెట్టి నలభై గ్లాసులు కడిగింది తనే. ఆపరేషన్ తరువాత ఆయన మంచం ముందు గదిలోకి మారింది. నీకు రెస్టు కావాలె అన్నాడు. ఆ ఇంట్లో ఆమె రెస్టు గురించి ఎవరైనా మాట్లాడింది అప్పుడొక్కసారే. బతికి బయటపడ్డవు, ఇంకేం గావాలె అని అందరూ అన్నారు. బతికినందుకు ఇంకేమీ అడగకూడదని తనూ అనుకుంది.

"ఇంకో కాగితం ఉందా బిడ్డా?"

ఏడో తరగతి చదువు. వరుస కింద వేలు పెట్టుకుని చదివింది. ఐదో ప్రశ్న దగ్గర రవీందర్ వచ్చాడు.

"ఇగ నడువు. కొంపల్లిల ప్లాటు కొనే పార్టీ ఎదురుసూస్తాంది."

"కాలే."

"నేను నింపిన గదనే!"

"అడిగింది నన్ను."

వెనక బెంచీ మీద తలకు స్కార్ఫు కట్టుకున్న ఒకామె అందుకుంది. "నువ్వు రాసింది గూడ నిజమే అన్నా. నీ ఒంట్ల ఏం తకలీఫ్ లేదు." బెంచీ అంతా నవ్వింది. రవీందర్ కూర్చున్నాడు.

చెయ్యి వాపు? చాలా ఎక్కువ. నిద్ర పట్టకపోవడం? ఎక్కువ. భర్తతో దగ్గరితనం తగ్గిందా? అక్కడ అండాలు పెన్ను ఆపి ఆయన వైపు చూసింది. ఆయన ఫోన్ వైపు చూశాడు. ఆమె టిక్కు పెట్టింది.

"గిన్ని రాస్తె మనింట్ల ఏందో జరుగుతాందనుకుంటరు," అన్నాడు గొంతు తగ్గించి.

"జరుగుతాంది," అంది అండాలు. గొంతు తగ్గించలేదు.

తేజస్వి ఫిజియోథెరపీకి చీటీ రాసింది. సోమవారం నుంచి ఆరు వారాలు. చేతికి కట్టు కడతారు, ఆ చేత్తో బరువు ముట్టకూడదు.

"ఆరు వారాలా? మరి ఇంట్ల పనెట్ల మేడం?" అన్నాడు రవీందర్.

"గా ప్రశ్న ఈ కాగితంల లేదు," అంది అండాలు. "నువ్వే నింపుకో."

కాగితంలో ఇక ఒక్క ప్రశ్నే మిగిలింది. దానికి గడులు లేవు, ఒకటి నుంచి ఏడు దాకా అంకెలున్నాయి. గడిచిన వారంలో మొత్తం మీద మీ జీవితం ఎలా ఉంది? ఒకటంటే అధ్వానం, ఏడంటే చాలా బాగుంది.

అండాలు పెన్ను రెండు దగ్గరికి తీసుకుపోయి ఆగింది.

"బిడ్డా, గీ వారంల ఇయ్యాల్టి రోజు గూడ కలుస్తదా?"

"కలుస్తదమ్మా."

అండాలు ఆరు చుట్టూ సున్న చుట్టింది.