ఆటవిడుపుకి అనుమతి

మా అమ్మాయి కుడి మణికట్టుకి పిండికట్టు పడిన మర్నాడు బడివాళ్ళు నా చేతిలో ఒక చిన్న పుస్తకం పెట్టారు. జబ్బుపడిన, దెబ్బలు తగిలిన పిల్లల తల్లిదండ్రులకు ఆరోగ్య సూచనలట. జ్వరం తగ్గాక ఒక పూర్తి రోజు ఇంట్లోనే ఉంచాలి. కళ్ళు ఎర్రబడితే పంపకూడదు. తలలో పేలుంటే పంపకూడదు. అంతవరకు నాకూ సమ్మతమే. పేల విషయంలో నేను బడికంటే కఠినురాలిని. చిక్కంతా చివరి పేజీలో ఉంది. పిండికట్టు ఉన్న పిల్లలు ఆటవిడుపులో మైదానంలోకి పోరాదు, ఆరోగ్యగదిలో కూర్చోవాలి.

మా ఆయనకు బదిలీ కావడంతో ఏడాది మధ్యలో బడి మార్చాం. కొత్త తరగతిలో దానికి మాట్లాడే తోడు లేదు. రోజూ సాయంత్రం అన్నం డబ్బాతోపాటు దాని మొహాన్నీ మూత తీసి చూసేదాన్ని. రెండింట్లోనూ పొద్దున పెట్టింది పెట్టినట్టే ఉండేది. గోడ దూకి చెయ్యి విరగ్గొట్టుకున్నా సంతోషించేదాన్ని, పక్కన ఎవరో ఉన్నారని అర్థం కదా. ఇది స్నానాలగదిలో జారిపడింది. అలాంటి పిల్లని ఆటవిడుపులో కూడా గదిలో కూర్చోబెడితే ఒక్క స్నేహితురాలైనా దొరికేదెప్పుడు?

బడి నర్సుని కలిశాను. ఇస్త్రీ బట్టలు, ఇస్త్రీ మాటలు. అంతా విని, డాక్టరు ఉత్తరం తెమ్మంది. ఎముకల డాక్టరు కళ్ళజోడు పైనుంచి చూశారు.

"చెయ్యి విరిగిందని రాస్తానమ్మా. కాళ్ళు బాగున్నాయని ఎలా రాయను? నేను చూసింది చెయ్యే కదా."

పిల్లని బల్లమీంచి దింపి, అమ్మకానికి పెట్టిన గుర్రంలా ఆయన ముందు అటూ ఇటూ నడిపించాను. నడవవచ్చని రాశారు. మైదానం మాట అందులో లేదంది నర్సు. మళ్ళీ వెళ్ళాను. ఆయన మైదానాన్ని చేర్చారు. పరుగు సంగతి తేల్చలేదని అదీ తిరిగొచ్చింది. మూడోసారి నన్ను చూడగానే డాక్టరుగారి కాంపౌండరు, నేనేదో ఉద్యోగంలో చేరానన్నట్టు, కుర్చీ చూపించాడు.

కట్టు విప్పేదాకానే కదా, పోనీలెమ్మన్నారు మా ఆయన. ఆయనకేం, ఆఫీసులో ఆటవిడుపుంది, టీ కొట్టుంది, పక్కన నలుగురున్నారు. చివరికి నేను ప్రధానోపాధ్యాయురాలి గది బయట బైఠాయించి, పరుగు కూడా చేర్చిన ఉత్తరం మీద అనుమతి సంతకం పెట్టించుకున్నాను.

ఈలోగా ప్రతి సాయంత్రం, ఇవాళా గదిలోనేనా అని అమ్మాయిని అడుగుతూనే ఉన్నాను. అవును, ఫరవాలేదు అనేది తల వంచుకుని. పాపం, ఓర్చుకుంటోందనుకున్నాను. పిండికట్టు మీద ఒక రైలుబొమ్మ మొదలై, రోజుకో పెట్టె చొప్పున మోచేతిదాకా వచ్చింది. ఎడమ చేత్తో ఎంత చక్కగా గీస్తోందో అని మురిసిపోయి పక్కింటావిడకి కూడా చూపించాను.

అనుమతి అమలైన సాయంత్రం అది బూట్లయినా విప్పకుండా గోడవైపు తిరిగి పడుకుంది. ఎవరైనా తోశారా అన్నాను. నొప్పిగా ఉందా అన్నాను. గోడవైపు నుంచే అడిగింది.

"అమ్మా, నాకు ఇంకో చెయ్యి ఎప్పుడు విరుగుతుంది?"

అప్పుడు ఒక్కొక్కటే బయటికొచ్చింది. ఆరోగ్యగదిలో పక్క సెక్షను పిల్ల ఒకతి ఉంటుందట. ఉబ్బసం. దుమ్ము పడదు గనక ఏడాది పొడుగునా ఆటవిడుపు లోపలే. ఊపిరి తీస్తే సన్నగా కూత వస్తుందని అందరూ "ఈల" అంటారు, ఆ పిల్లా ఆ పేరుకే పలుకుతుంది. రైలు గీసింది ఈల. గార్డూ ఈలే. మంచం ప్లాట్‌ఫారం, గోడమీది కళ్ళపరీక్ష పటం స్టేషన్ల పట్టిక. ఆ రోజు నర్సు మా అమ్మాయిని గుమ్మంలోనే ఆపి, నీకు బయటికి అనుమతి వచ్చింది, ఇక లోపలికి రాకూడదందట. గంట కొట్టేదాకా ఇది కుళాయి దగ్గర నిలబడిందట.

"మరి నాకెందుకు చెప్పలేదే?"

"నువ్వు రోజూ నర్సమ్మని తిడుతూనే ఉన్నావుగా. మధ్యలో ఎప్పుడు చెప్పను?"

మర్నాడు నర్సు దగ్గరికెళ్ళి అనుమతి రద్దు చెయ్యమన్నాను.

"ఆరోగ్యంగా ఉన్న పిల్లలు ఈ గదిలో ఉండకూడదు మేడమ్."

"దాని చెయ్యి విరిగిందండీ."

"విరిగినా పరిగెత్తొచ్చని రాయించుకొచ్చింది మీరే కదా."

నా మాటలే ఇస్త్రీ చేసి నా చేతికిచ్చింది. పోనీ ఈలనే బయటికి పంపమంటే, దానికి వాళ్ళ డాక్టరు ఉత్తరం కావాలట. అది విని నాకూ ఊపిరాడలేదు.

సాయంత్రం గేటు దగ్గర ఈల తల్లిని పట్టుకున్నాను. ఫలానా అని చెప్పగానే ఆవిడ మొహం వెలిగింది. ఇంట్లో పొద్దస్తమానం ఆ రైలు గొడవేనట. ఆదివారం మా ఇంటికి పంపమన్నాను. ఆవిడ వెలుగు సగం తగ్గించుకుని ప్రశ్నలు మొదలుపెట్టింది. పిల్లి ఉందా? తివాచీ ఉందా? తలగడల్లో దూది ఎప్పటిది? కిటికీ తెరలు ఎప్పుడు ఉతికారు? చదువుకున్నదాన్ని గనక కాస్త ఆలోచించి "ఈమధ్యే" అన్నాను. ఏ మధ్యో ఆవిడ అడగలేదు.

శనివారం తెరలు దింపడానికి నిచ్చెనెక్కాను. మా అత్తగారు కింద పట్టుకున్నారు.

"బడి పుస్తకంలో ఒక్క ముక్కకి ఒప్పుకోనిదానివి, ఆవిడెవరో చెబితే ఇల్లంతా ఊడబీకుతున్నావే" అన్నారు.

నిచ్చెన ఆవిడ చేతిలో ఉంది గనక వినయంగా కొక్కేలు విప్పుతూ పోయాను. ఇంతలో ఫోను మోగింది. ఈల తల్లి. మీ అమ్మాయికి జలుబేం లేదు కదా అని అడిగింది. లేదనబోతుంటే నా వెనక అమ్మాయి తుమ్మింది, ఒకటి కాదు, వరసగా. జలుబంటే రేపు పంపదు. దుమ్మంటే ఎప్పటికీ పంపదు. అమ్మాయి మంచి చేత్తో నోరు మూసుకుని నావైపే చూస్తోంది.

"జలుబు కాదండీ, దుమ్ము. తెరలు ఇప్పుడే దింపుతున్నా. ఈమధ్యే ఉతికానన్నది అబద్ధం."



"తెరలు మళ్ళీ తగిలించకండి. తడిగుడ్డతో రెండుసార్లు తుడవండి, పొడిగుడ్డ వద్దు" అంది ఆవిడ. "రేపు కుదరదులెండి. వచ్చే ఆదివారం తీసుకొస్తాను. మందు పట్టుకుని నేనూ పక్కనే కూర్చుంటాను."

సరేనన్నాను. మందు పట్టుకునే మనిషికి కుర్చీ కూడా తుడవాలి. వారం రోజులా అని అమ్మాయి మొహం వేలాడేసింది. దాని ఎడమ చేతికి తడిగుడ్డ ఇచ్చి కిటికీ ఊచలు చూపించాను.